ఏడున్నర నంబరు

ఇరవై రెండేళ్లు ఆయన ఎదురుగా నిలబడ్డాను,
మధ్యలో ఎవరిదో ఒక తెరిచిన కడుపు.
నాకు తెలిసిందల్లా మాస్కుకి పైనున్న ముఖం:
రెండు కళ్లు, ఎడమ కనుబొమలో ఒక తెల్ల వెంట్రుక,
చెమట అద్దమని పక్కకి వంచే నుదురు.

మొన్న మహారాణిపేటలో, వాళ్లింటి వరండాలో
ఐసు పెట్టెలో పడుకోబెట్టినప్పుడు
మొదటిసారి తీరిగ్గా ఆయన నోరు చూశాను.
చిన్న నోరు. పై పెదవి మీద పాత గాటు.
చిన్నప్పుడు ఏ గోడ మీంచో పడుంటారు.
ఎవరు కుట్టారో గానీ సరిగ్గా కుట్టలేదు.
ఆయనకది తెలిసే ఉంటుంది,
రోజూ గెడ్డం గీసుకునేటప్పుడు.

పైల సన్యాసిరావు గారు.
"పేరుకే సన్యాసిని సలోమమ్మా,
ఊరందరి సంసారాలూ నా చేతికే తగుల్తాయి"
అనేవారు, పేగులు పక్కకి సర్దుతూ.

బల్ల మీది మనిషి వణుకుతుంటే
ఇంగ్లీషుని చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచేసేవారు.
"ఏటి బావూ, అలా బెంగెట్టేసుకున్నావేటి?
నానున్నాను కదేటి."
సగం మత్తు అక్కడే ఎక్కేసేది.

ఒక జూన్ రాత్రి, కరెంటు పోయి జనరేటరు దగ్గుతుంటే
కడుపు మూసే ముందు, ఎప్పట్లాగే,
"లెక్క?" అన్నారు.
ముప్పై గాజుగుడ్డలు ఇచ్చాను. ఇరవై తొమ్మిదే ఉన్నాయి.
మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిదే.
నోట మాట రాక వేళ్లతో చూపించాను.
సూది కింద పెట్టేశారు. అరవలేదు.
కాలేయం వెనకాల, ప్లీహం కింద, మడత మడతా తడిమారు,
నలభై నిమిషాలు,
మత్తు డాక్టరు గడియారం చూస్తూ సణుగుతుంటే.
ఆఖరికి దొరికింది
వార్డుబాయ్ అప్పన్న చెప్పు అడుగున అతుక్కుని,
రక్తం ఎండి తోలు రంగులో.

తెల్లారి కేజీహెచ్ డౌన్లో
బండి దగ్గర ముగ్గురికీ ఇడ్లీ పెట్టించి ఒక్కటే అన్నారు:
"ఒకటి తగ్గిందని చెప్పడానికి భయపడకమ్మా.
లోపల ఉండిపోతేనే భయం."

ఇప్పుడెవరితో చెప్పను.

పాడె కట్టడం రాక కుర్రాళ్లు తడబడుతుంటే
జనాన్ని తోసుకుంటూ వచ్చాడు మైలపిల్లి పోలయ్య.
హార్బర్లో విన్చి తాడు మణికట్టు దాకా నమిలేసిన చెయ్యి అతనిది.
ఆ రాత్రి చేతుల డాక్టరు ఊళ్లో లేరు.
"కోసీడం వొచ్చినోడికి అతకడం రాదేటి" అని
తొమ్మిది గంటలు, ఒక్కో నరం వెతికి వెతికి.
ఆర్నెల్లకి పోలయ్య చందువ తెచ్చాడు, ఈ చేత్తో లాగిందేనంటూ.
డాక్టరు గారు చేపని చూడలేదు,
వేళ్లు ఒక్కొక్కటీ ముడిపించి చూసుకున్నారు.
ఆ తర్వాత చాలా ఆదివారాలు జెట్టీ మీద అతని పక్కన కూర్చుని
వల ముడి నేర్చుకున్నారట.
గురువు తిట్టేవాడట కూడా.

ఆ చెయ్యే వెదుళ్లకి తాడు బిగించింది.
చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు.
జ్ఞానాపురం దాకా ఒక్క ముడీ జారలేదు.

మా వీధి మీదుగానే తీసుకెళ్లారు.
పోర్టు బొగ్గు పొడి పడీ పడీ
మా కిటికీలకి బూడిద కొత్తేం కాదు.
గుమ్మంలో నిలబడి సిలువ గుర్తు వేసుకున్నాను.
ఆయనకి అభ్యంతరం ఉండదు.
ఎక్కడో ఓడ కూసింది, మామూలుగా, తన పని మీద తను.

సోమవారం రెండో థియేటర్లో హెర్నియా.
డాక్టర్ కిన్నెర, ఆయన చేతికింద తయారైన పిల్లే,
తడి మోచేతులు పైకెత్తి నిలబడింది.
అలవాటుగా ఏడున్నర గ్లవ్స్ విప్పి పట్టాను.
ఆమెది ఆరున్నర.
ఇద్దరం కాసేపు ఆ ఖాళీ వేళ్ల వైపు చూశాం.

అల్మారాలో ఇంకా పదకొండు జతలున్నాయి.
గడువు రెండేళ్ల దాకా ఉంది.
స్టోర్స్‌కి తిప్పి పంపుతూ పుస్తకంలో రాయాలి.
రాస్తాను. రేపు.