పాయింట్ టూ

నాలుగున్నరకు సంతపేటకి నీళ్లొదుల్తారు,
అయిదుంబావుకి మిట్టూరుకి.
బెల్లంమండీ వెనక సందుకి
ఎప్పుడొస్తాయో
ఆ నీళ్లకే తెలియాల.

ఐస్‌పెట్టె భుజానేసుకొని పోతా ఉంటా.
కార్పొరేషన్‌లో నా పేరు అవుట్‌సోర్సింగ్,
సందుల్లో నా పేరు నీళ్లమ్మి.
అమ్మేదాన్ని కాను, అడిగేదాన్ని.
అమ్మా, ఒక సీసా నీళ్లు.

చంటిబిడ్డకి మూతి తుడిచినట్టు
కొళాయిని స్పిరిట్ దూదితో తుడుస్తా.
పట్టేముందు రెండు నిమిషాలు ఊరికే వొదలాల.
అప్పుడు తిడతారు.
రెండు నిమిషాలంటే ఇక్కడ ఒక బిందె.
కుప్పమ్మవ్వ ఆ ధారకింద చెంబు పెడుతుంది:
"నీ పరీక్ష నీది, నా చారు నాది."

గాజుగొట్టంలో మాత్రేసి ఊపితే
క్లోరిన్ ఉన్నంత గులాబీరంగు.
ట్యాంకు కింద మొదటి కొళాయిలో
రోజ్‌మిల్క్ అంగడి గుర్తొస్తుంది.
మలుపు మలుపుకీ వెలుస్తా వెలుస్తా
అవ్వ ఇంటికొచ్చేసరికి
ఉతికి ఉతికి చిక్కిన రవికె.
పాయింట్ టూ ఉండాల, తక్కువలో తక్కువ.
ఆ పొద్దు ఎండకి ఎత్తిపట్టి
కళ్లు చిట్లించి చూసినా.
ఏమీ లేదు.
ఏమీ లేకపోవడం
ఎంత తేటగా ఉంటుందో.

ఇంకో సీసా ఉంటుంది,
అది నోరు తెరవడానికి ఒక రాత్రి కావాల.
అలమరలో పెట్టి తాళమేసి వచ్చినా.
నిద్ర పట్టలేదని చెప్పను. పట్టింది.
తెల్లారి తలుపు తీస్తే
ఆరు సీసాలు పల్చటి టీ,
ఏడోది
కాటుక.
మూత తీయకనే తెలిసిపోయింది
ఎవరి దొడ్డి
ఎవరి కడవలోకి నడిచొచ్చిందో.

సార్ కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకొని
సీసా కడగలేదేమో అన్నాడు.
చెయ్యి తగిలుంటుంది అన్నాడు.
"ట్యాంకు దగ్గర ఇంకోటి పట్టుకొనిరా,
అదీ ఇవే నీళ్లు గదా."
ఇవే నీళ్లే సార్,
బయల్దేరినప్పుడు.

రిపోర్టులో ఆ గడికి
పట్టే మాట ఒకటే: తృప్తికరం.
మూడేండ్లు దానికింద సంతకం పెట్టినా.
అబద్ధం కాదు,
ట్యాంకు దగ్గర అది నిజం.
ఆ నెల మాత్రం
పెన్నులో ఇంకు అయిపోయిందని చెప్పినా.
ధైర్యమనుకోవద్దు,
చేతులు వణకతా ఉన్నాయి.

సాయంత్రం పోతే
అవ్వ గడపలో కూచుని తోతాపురి తరగతా ఉంది.
లోపల మనవడు, మూడోతూరి విరేచనాలు.
"ఏమ్మే, ఇన్నేండ్లుగా పట్టుకపోతా ఉండావే,
నా నీళ్లు ఏం చెప్పినాయో
ఒక్కనాడన్నా వొచ్చి చెప్పినావా?"

చెప్పలేదు.
కొళాయి నుంచి సార్‌కి,
సార్ నుంచి పెద్దసార్‌కి,
అక్కణ్ణుంచి ఇంకా పైకి.
నీళ్లు పల్లానికి పోతాయి గానీ
నీళ్ల సంగతి
మిట్టకే ఎక్కుతుంది.

సుద్దముక్క అడిగి గోడమీద రాసినా.
తేదీ. క్లోరిన్ లేదు. సీసా నల్లబడింది. కాచి తాగండి.
"గ్యాసు మీ ఆఫీసోల్లు ఇస్తారా?"
పక్కింటి ఖుర్షీద్.
దానికి జవాబు
నా పెట్టెలో లేదు.

గోడ చదివి వచ్చినాడో, ఎవరు పిలిచినారో,
ఆదివారం ఫిట్టర్ ఏకాంబరం గడ్డపారతో దిగినాడు.
మోకాటిలోతున, మురిక్కాలవ అడుగున
పైపు అతుక్కి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది.
చాలాసేపు దాన్నే చూసినాడు.
"ఈ ముడి నాదే," అన్నాడు.
"ఆ పొద్దు కప్లింగు స్టాకు లేదు."

బుధవారం గొట్టం ఊపి అవ్వకి చూపించినా.
ఎంత లేత రంగంటే
ఉందనుకుంటే ఉన్నట్టు.
"నా కండ్లకేం ఆనలా,
నువ్వే రాయి," అంది.
పాతది చెరపకుండా
దానికింద రాసినా:
పాయింట్ టూ.

ప్రభుత్వ సమాచారం బయటపెట్టినందుకు,
గోడ పాడుచేసినందుకు
మెమో వచ్చింది. ముట్టినట్టు సంతకం పెట్టమన్నారు.
పెట్టినా,
తేదీ వేసి.
పెన్నులో ఇంకు ఉంది.