మంగలారం

మంగలారం కొట్టు కట్టీస్తాం.
ఆమదాలవలస ఊరంతా ఆ రోజు గెడ్డాలు పెంచుకుంటాది.
ఆ రోజు నాకు ఒక్కటే బేరం.
పెరట్లో, కొబ్బరి మట్టల దడి పక్కన,
ముక్కాలి పీట మీద నా కొడుకు గవరేసు.

బరోడాలో గోడలకి రంగులేసి ఏసి
తొమ్మిదేళ్ళకి సీకాకోలు రోడ్డు టేసన్లో దిగినాడు.
ఆడు సంచీని మోసుకొచ్చినాడో
సంచీయే ఆణ్ణి మోసుకొచ్చినాదో తెలీనేదు.

రిమ్సులో ఆకుపచ్చ పుస్తకం ఇచ్చినారు.
"ఇంట్లో ఎవరు సూసుకుంటారు?" అనడిగినాది ఆ నర్సు పిల్ల.
తనకేటీ నేదన్న కాయితం కొంగున కట్టుకుని
కోడలు పుట్టింటికెల్లిపోనాది. తప్పట్టలేను.
మా ఇంటిదానికి సూపు ఆనదు.
"నానే" అన్నాను.
"వయసు?"
"డెబ్బై ఒకటి."
ఆ పిల్ల పెన్ను ఒక్క గడియ ఆగిపోనాది.
తరవాత రాసుకున్నాది.

తొమ్మిదికి మాత్ర.
రైలు కూతల్ని నమ్మొద్దు తాతా,
గెడియారాన్ని నమ్మమన్నాది.
టేసను పక్కన పుట్టినోణ్ణి,
ఈ వయసులో ముల్లు సదవడం నేర్సుకున్నాను.

ఎవరు సెప్పినారో తెలీదు, కబురు కొట్టుకొచ్చీసినాది.
కొత్త బ్లేడు కళ్ళెదుటే విప్పి
కాయితం ఆళ్ళ సేతిలోనే పెట్టినాను.
అయినా ఎదర అద్దాల సెలూనుకే ఎల్లిపోనారు.
పోర్టరు తవిటయ్య ఒక్కడే వస్తాడు.
జేబులోంచి సొంత బ్లేడు తీసి
మాటాడకుండా బల్ల మీద పెడతాడు.
ఆడికి దండం పెట్టాలో
ఆడి గెడ్డం సగంలో ఒగ్గీయాలో
ఇప్పటికీ తేలనేదు.

"తాకితే రాదు తాతా, నెత్తురుతోనే జాగర్త.
గీసినప్పుడు తొడుగులేసుకో" అన్నాది నర్సు.
మొదటి మంగలారం ఏసుకున్నాను.
యాబై అయిదేళ్ళు బుగ్గ లాగి పట్టిన ఏళ్ళు.
ఏలికి కళ్ళుంటాయి.
రబ్బరు కింద అవి మూసుకుపోనాయి.
దవడ కింద సీమ తలంత ఎరుపు.
ఆడు పీట తన్నీసి ఎనక్కి దూకినాడు.
"నాన్నా, ముట్టుకోకు!"
అంతవరకూ, ఆణ్ణి సూసి నానే బయపడతన్నాననుకున్నాను.

పటిక ముక్క దూరం నుంచే అందించినాను.
ఆడే అద్దుకున్నాడు,
సిన్నప్పుడు బెల్లం ముక్క పట్టుకున్నట్టు, రెండేళ్ళతో.

ఆ రోజునించీ కత్తి ఒగ్గీసినాను.
దువ్వెన, కత్తెర. తొడుగు నేకుండా.
బుగ్గ లోపలికి పోనాది, బయటినించే పళ్ళు తగులుతాయి.
ఆ గుంట నెలనెలకీ ఎంత పూడిందో
నా బొటనేలికే ముందు తెలుస్తాది.
రిమ్సులో కాటా తరవాతెప్పుడో సెప్తాది.

నాగావళి రేవులో ఎన్ని తలలు గొరిగినానో లెక్క నేదు.
తండ్రి పోయిన కొడుకులు తడి తలల్తో వరసగా కూకునేవోరు.
కొడుకు పోయిన తండ్రి కూకుంటే
నీళ్ళు సల్లడానిక్కూడా సెయ్యి ఆడేది కాదు.
మూడుసార్లు అయినాది అలాగ.
ముగ్గురి పేర్లూ గురుతే.

మొన్న సోమారం రాత్రి మాత్ర ఒద్దన్నాడు.
"ఎందుకు నాన్నా ఇదంతా, నీ ముసలి పేణానికి."
పదకొండు దాటినాక మింగినాడు, గోడ ఏపు తిరిగి.

తెల్లారి పీట మీద కూకోబెట్టి సెప్పీసినాను.
"ఒరే గవరేసూ,
నాను పోయిన పదోనాడు
నీకు గుండు సెయ్యడానికి ఎవడో ఒకడు దొరుకుతాడు.
బ్లేడు తవిటయ్యే ఇస్తాడు.
తల తెచ్చుకోడం ఒక్కటే నీ పని.
అంతవరకూ ఏళకి మింగు."

ఆడు నవ్వీసినాడు.
నవ్వితే మూతి కదిలి కత్తెర తప్పినాది,
ఎడం పక్క మీసం కొంచెం పొట్టయిపోనాది.

వచ్చే మంగలారం సరిసేస్తాను.