మూడో స్తంభం

పదకొండేళ్ళుగా ఒకటే రొట్టె అడుగుతున్నాను.
స్వర్ణాల చెరువులో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి
తలమీద కొంగు కప్పుకుని
ఇంటి రొట్టె, ఇంటి రొట్టె అని
గంపలో వంకాయలమ్మినట్టు.

చదువు రొట్టె పట్టుకెళ్ళిన పిల్ల
నర్సింగ్ పాసై వచ్చి మూడు పంచింది.
సంతానం రొట్టె తిన్న సంతపేట కోడలు
చంకలో బిడ్డతో నీళ్ళలోకి దిగింది.
నా కేక మాత్రం
నా దగ్గరికే తిరిగొచ్చేది.

పదకొండేళ్ళు, ఏడిళ్ళు.
మూలాపేటలో మేడమెట్ల కింద గది.
బాలాజీ నగర్‌లో రెండు నెలలకే
ఓనరు చుట్టాలొస్తున్నారన్నారు, రాలేదు.
వేదాయపాళెంలో గోడకి మేకు కొట్టకూడదు.
అప్పట్నించీ మా దేవుళ్ళు
బియ్యం డబ్బా మీద జారగిలబడే ఉన్నారు.
ఇప్పటి ఇంటికి గడియ పడదు,
రాత్రిళ్ళు తలుపుకి రోకలిబండ అడ్డం.
కుట్టుమిషను ఎక్కించేటప్పుడల్లా ఆటో ఖాజా అడుగుతాడు:
"ఈసారి యాడికక్కా?"

అందుకని ఈ ఏడు కేకెయ్యలేదు.
ఊరికే నిలబడ్డాను.
మైకులో ఎవరో తప్పిపోయిన పిల్లాడి చొక్కా రంగు చెప్తున్నారు.

మోచేతి మీద తడిచెయ్యి పడింది.
"ఇల్లేనా మేయ్ నీక్కావల్సింది?"

చెంగమ్మంట పేరు.
మెళ్ళో తాళం లేని తాళంచెవి ఒకటి,
ఎందుకో నేనడగలేదు.
"నీ మొక్కు తీరిందా అవ్వా?"

"తీరినాది గదా!
ఆత్మకూరు బస్టాండు కాడ వంతెన లా,
దాని కింద మూడో స్తంభం నాది.
పోయినేడు ఆరో దాని కాడుండా.
పైన్నించి కారతానే ఉండేది, రేయంతా కూచోనుండేదే.
దీనికైతే పక్కన గోడుండాది, ఈదురుగాలి కొట్టదు.
ఎదురుగ్గా లైటుండాది,
కుక్కలు రావు. మగోళ్ళూ రారు."

"అక్కడ ముందెవరుండేవాళ్ళు?"

"సిద్దయ్యని, రిక్షా తొక్కినాయన.
కార్తీకం తుఫానుకి పోయినాడు.
ఆయన దుప్పటి గూడా నాకే వొచ్చె."
రొట్టె అంచున గోరంత తుంచి
నీళ్ళలో వదిలింది.
కాసేపు ఇద్దరం దాన్నే చూశాం.

పిండి ఆమె కొన్నదే.
పెనం, పరోటా బండి కుర్రాడిది.
పదకొండున్నరకి గిరాకీ తగ్గాక
ఒక్క రొట్టెకి చోటిచ్చాడట.
ఒకవైపు మాడింది. లోపల బెల్లం ముక్క.

ఇక్కడ నేననాల్సిన మాటొకటుందని నాకు తెలుసు.
నాలుగువేల ఐదువందల ఆ ఇల్లే స్వర్గమనీ
ఉన్నదానికి దణ్ణం పెట్టుకోవాలనీ.
నోటిదాకా వచ్చింది కూడా.
సిగ్గేసి మింగేశాను.
తక్కెట్లో రెండోపక్క ఆమెని కూచోబెట్టి
నా అదృష్టం ఎన్ని కేజీలో చూసుకోనా?
ఆమె మొహం చూడాల్సింది మీరు.
కొత్తింట్లో పాలు పొంగించి
వీధంతా పిలవడానికి బయల్దేరిన ఇల్లాలి మొహం.

రెండు చేతులూ పట్టాను.
మాడినవైపే ముందు తిన్నాను.

"వొచ్చే ఏడు నువ్వియ్యాల. మర్చిపోబాక."
"మరి నువ్వేం రొట్టె అడుగుతావు?"
చెవి దగ్గరికొచ్చి, దొంగసరుకు చెప్పినట్టు:
"తలుపు రొట్టె.
ఉందంటావా మేయ్, అట్టాంటిది?"

ఏమో.
కొంగు సర్దుకుని గొంతెత్తాను.
తలుపు రొట్టె! తలుపు రొట్టె ఉందా!
పక్కనున్నామె నవ్వింది.
ఒక పోలీసాయన విజిలేసి
కదలండి, కదలండి అన్నాడు.
చెంగమ్మ కూడా కేకేసింది నాతో.
ఇద్దరం చాలాసేపు అరిచాం.

ఆ రాత్రి
రోకలిబండ అడ్డం పెట్టాక
తలుపుకి వీపు ఆనించి కూచున్నాను.
పగలంతా ఎండ పడిందేమో
చెక్క ఇంకా వెచ్చగానే ఉంది.