రెండు గీతలు

కాగితం చాలలేదు.
చివరికి సవేరియో తాత వాడి పడేసిన సముద్రపు పటం
తిరగేసి వంటింటి గోడకి మేకులు కొట్టాను.
వెనకవైపు నుంచి లోతుల అంకెలు
అద్దంలోలా తారుమారై తేలుతున్నాయి:
ముప్ఫై ఏడు బారలు, నూట పన్నెండు.
పుట్టిన ఏళ్ల పక్కన అవీ ఎవరి వయసులో అనిపిస్తాయి.

మామూలు పెళ్లికి ఒక గీత.
రక్తం కలిసినవాళ్ల పెళ్లికి రెండు,
పక్కపక్కనే, ఒకదానికొకటి తగలకుండా.
మూడు తరాలు పైకెక్కేసరికి
నా నల్లపెన్ను సగమైంది.

కాలోజెరోని ఎక్కడ పెట్టను?
నాన్నవైపు ముత్తాతకి తండ్రి ఆయనే,
అమ్మవైపు ముత్తవ్వకి తండ్రీ ఆయనే.
రెండుచోట్ల రాస్తే ఇద్దరు మనుషులవుతాడు.
ఒక్కచోట రాస్తే
గీత గోడంతా అడ్డంగా నడవాలి,
ఫిలొమేనా కవలల నెత్తిమీదుగా,
పేరైనా పెట్టకముందే పోయిన పసిగుడ్ల గడుల మీదుగా.
చెప్పులు విప్పి నడిచినట్టు
సన్నగా గీశాను.

ఆ వరసలో పదహారుమంది ఉండాలి లెక్కకి.
నాకు పదకొండుగురే.
మిగతా ఐదుగురూ తప్పిపోలేదు.
పండగ ఊరేగింపులో ముందు నడిచి
సందు తిరిగి
మళ్లీ వెనక వరసలో దూరే పిల్లల్లా
వాళ్లే వచ్చారు రెండోసారి.

ఎర్సీలియా అత్తకి ఎనభై ఆరు.
బల్లమీద కేపరు మొగ్గల్ని ఉప్పులో దొర్లిస్తూ
కళ్లజోడు లేకుండానే చూసింది.
"కొత్త రాయి ఎక్కణ్ణుంచి తెస్తామే ఇక్కడ?
పై గట్టు కూలితే
ఆ రాళ్లతోనే కింద గట్టు కట్టేవాళ్లం."
కాసేపాగి,
"నన్నూ ఓనోఫ్రియోనీ ఎక్కడ పెట్టావ్?"

మీకు పెళ్లి కాలేదుగా అత్తా.

"అర్జీ అయితే పెట్టారుగా."

మేనమామ కొడుకు. లిపారి బిషప్పు అనుమతి కావాలి.
అర్జీలో కారణం రాయాలట.
చర్చి ఫాదర్ చక్కటి దస్తూరీతో రాశాడు:
స్థలం ఇరుకు. పిల్లకి తగిన వరుడు వేరే లేడు.
పద్ధతి ప్రకారం అందరికీ అదే రాసేవాడు.
పదకొండు రోజులు అలలు, పడవ ఆగలేదు.
పన్నెండోరోజు ముద్ర పడి వచ్చింది కాగితం.
ఇంటిల్లిపాదీ చప్పట్లు కొడుతుంటే
తను అడిగి తీసుకుని చదివింది,
రెండుసార్లు, వేలు పెట్టి.

"ఇరుకట!
నాకు వాడంటే ఇష్టమని
ఒక్క ముక్క లేదు అందులో.
ఇరుకని ఎవర్నీ చేసుకోనన్నాను."

ఓనోఫ్రియో మరో పిల్లని చూసుకోలేదు.
రెండిళ్ల అవతలే నలభై ఏళ్లు.
వానలకి అత్త గట్టు జారినప్పుడల్లా
తెల్లారేసరికి ఎవరో పేర్చి ఉంచేవారు.
అత్త ఎప్పుడూ ఎవరని అడగలేదు.

దీనికి గుర్తు లేదు నా దగ్గర.
ఒక గీత అబద్ధం, రెండు మరీ అబద్ధం,
చుక్కల గీతంటే ఎవరో అక్రమం అనుకుంటారు.
రెండు గడులూ పక్కపక్కన గీసి
మధ్యలో బెత్తెడు ఖాళీ వదిలాను.
ఆ ఖాళీలో వెనకనుంచి ఓ అంకె పైకొచ్చింది:
నలభై మూడు బారలు.
సిరా దానిమీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టాను.

అత్త దగ్గరికొచ్చి
తిరగబడ్డ అంకెని కూడబలుక్కుని చదివింది.
"అంత లోతేం లేదులే" అంది
అరచేతుల ఉప్పు దులుపుకుంటూ.