కాళ్లు కడిగిన నీళ్లు

దేవుణ్ణి ఎవరూ చూడలేదంటావు, యాషూబూ.
చూసినవాడు బతకడంటావు.
మూతి మీద మీసమైనా రాకుండానే
నీకింత ఖాయంగా ఎవరు చెప్పారు?
కూర్చో. ఆ మేకను కట్టేసి కూర్చో.

మమ్రే చెట్ల కింద మా గుడారాలున్న ఏడు.
బల్లులు కూడా రాళ్ల కిందికి దూరిన మిట్టమధ్యాహ్నం.
ముగ్గురు నిలబడి ఉన్నారు.
రావడం ఎవరూ చూడలేదు. కుక్కలు మొరగలేదు.
వందకు ఒక్కటి తక్కువ వయసు మా అయ్యకు,
పైబట్ట జారిపోతున్నా పట్టించుకోకుండా
కుర్రాడిలా పరిగెత్తాడు.

ఆ తర్వాత ఒకటే హడావిడి.
పెద్దమ్మగారు పిండిలో మోచేతుల దాకా మునిగింది,
దూడ అరుపు సగంలో ఆగింది,
నా చేతికి పళ్లెమూ చెంబూ ఇచ్చి
అతిథుల కాళ్ల దగ్గరికి తోశారు.

దుమ్ము. అందరి కాళ్లకూ ఉండే దుమ్మే.
మడమ దగ్గర పగులు,
పగుల్లో ఇరుక్కున్న గడ్డిపరక.
ఇద్దరి కాళ్లు నేనే ఎత్తి కడిగాను.
మూడో ఆయన
నా చెయ్యి తగలకముందే
తన పాదం తానే కాస్త పైకెత్తాడు,
నాకు బరువు కాకుండా.

పదకొండేళ్లకు హారాను సంతలో అమ్ముడుపోయినదాన్ని.
ఎన్ని కాళ్లు కడిగానో లెక్కలేదు.
కాలెత్తిన మనిషి లేడు.
అప్పుడే అనుకున్నాను, ఈయన మనిషి కాడని.
మీకు ఉరుము కావాలి, మంట కావాలి.
నాకు ఆ వేలెడు ఎత్తు చాలింది.

తిన్నాడు కూడా. గడ్డానికి వెన్న అంటింది.
పెద్దమ్మగారు లోపల నవ్వుకుంటే
బయట ఆయనకు వినపడింది.
ఆ సంగతి మీకందరికీ తెలుసు,
ఆ నవ్వే పిల్లాడికి పేరయింది కదా.
నాది ఎవరికీ తెలియదు.

ఎండ వాలింది. ఇద్దరు తూర్పుగా
పల్లపు ఊరి దారిన దిగిపోయారు.
ఆయన ఆగాడు. అయ్య ఆగాడు.
నేను బాన మసి బూడిదతో తోముతూ
చెవి అటే వేశాను.

బేరం.
యాభై మంది మంచివాళ్లుంటే, అన్నాడు అయ్య. సరే అన్నాడాయన.
నలభై అయిదు. సరే.
సంతలో ఉన్ని అమ్మేటప్పుడు కూడా
అయ్య గొంతు అంత వణకడం నేను వినలేదు.
పదికి వచ్చింది.
పది దగ్గర ఆగిపోయింది.

ఆ ఊళ్లో నా చెల్లెలుంది, ఇల్తానీ.
ఒకే రోజు ఒకే తాడుకు కట్టి అమ్మారు మమ్మల్ని,
నన్ను గుడారాలకు, దాన్ని నూనె వర్తకుడి ఇంటికి.
దానికి ఎడమ చెవి వినపడదు.
ఎటునుంచి పిలిచినా కుడివైపే తిరుగుతుంది.

బాన వదిలేసి పరిగెత్తి ఉండాల్సింది.
ఒక్కరుంటే, స్వామీ? అని ఉండాల్సింది.
కాలెత్తినవాడు కాదనేవాడా?
మాట నోటిదాకా వచ్చింది.
పనిపిల్ల బేరంలో నోరు పెట్టదు.
మసిచేతులతో అలాగే కూర్చున్నాను.

తెల్లారి అయ్య గట్టు మీద నిలబడ్డాడు.
నేను ఆయన వెనక.
పల్లం, మూత తీసిన కుండలా
పొగలు కక్కుతోంది.
ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

పళ్లెంలో నీళ్లు రాత్రంతా అలాగే ఉన్నాయి.
అడుగున దుమ్ము పేరుకుంది.
పారబోయడానికి చెయ్యి రాలేదు,
మొక్కడానికీ రాలేదు.
చివరికి దప్పికగొన్న గాడిద వచ్చి తాగేసింది.
అది చాలా ఏళ్లు బతికింది.

నేనూ బతికాను, చూస్తున్నావుగా.
నా చేతులకు తెలిసినంతే చెబుతాను:
పాదం వెచ్చగా ఉంది. బరువుంది.
తనకు తానుగా లేచింది.
అక్కడ ఊరు కాలింది.
ఈ రెండింటినీ ఒకచోట పెట్టడం
నాకు ఇప్పటికీ చేతకాదు.

పల్లం నుంచి ఉప్పు గాడిదలు వస్తే మాత్రం
నేను కొనను. పడమటి ఉప్పే తెమ్మంటాను.

ఇక లే.
నీ మేక తాడు కొరుకుతోంది.