చెవుల్లేని సంచి

బుసియా సంతలో ఎండుచేపలమ్మే నాకు
చట్టం అర్థమైంది ఇంతే:
చెవులుంటే నేరం.

రెండు చెవులు పట్టుకుని ఊపుకుంటూ పోయే సంచి
దొరికిందా, జరిమానా నా ఆర్నెల్ల చేపలు.
అదే ప్లాస్టిక్కు, అదే పల్చన,
చెవుల్లేకుండా పుట్టి
ఫ్యాక్టరీలోనే కడుపులో రొట్టె వేసుకుని వస్తే మాత్రం
దాని పేరు సంచి కాదంట, ప్యాకింగంట.
దానికి దారి వదులుతారు.

అందుకే మా ఇంట్లో ఇప్పుడు
రొట్టె కొనేది రొట్టె కోసం కాదు.
పిల్లలు ముక్కలు పంచుకుంటుంటే
కవరెప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తుంటాను.
చివరి ముక్క చేతిలో పట్టుకుని
చిన్నది, అకేచ్, అడుగుతుంది:
"అమ్మా, తిననా, ఉంచనా?"
పొడి దులిపి, లోపలిది బయటికి తిప్పి, కడిగి,
తీగ మీద ఆరేస్తాను
దాని బడి గౌను పక్కన.

మధ్యలో గుడ్డసంచి అని ఒకటొచ్చింది,
ఎర్రది, నీలంది, ముట్టుకుంటే మెత్తన.
చట్టానికి నచ్చింది, నాకూ నచ్చింది.
రెండు వానలకి పీచులు పీచులైంది.
పొయ్యిలో పెట్టాను.
గుడ్డైతే బూడిదవ్వాలి కదా,
చుక్కలు చుక్కలుగా కారింది.

ఇక్కడికి కేకేస్తే వినపడే దూరంలో గేటు.
గేటు అవతల ఉగాండా.
అక్కడా ఏదో చట్టం ఉందంటారు,
మధ్యాహ్నం నిద్రలో ఉందంట.
బరాసా ఖాళీ సైకిలు మీద అటు పోతాడు,
ఖాళీ సైకిలు మీదే వస్తాడు.
పొద్దున సన్నంగా పోయిన మనిషి
ఎండెక్కేసరికి లావెక్కి వస్తాడు.
చొక్కా కింద, నడుం చుట్టూ, నల్ల సంచులు,
వందకో కట్ట, చెమటకి ఒంటికంటుకుని.
కదిలితే ఎండుటాకుల చప్పుడు.
అది వినపడకుండా
గేటు దగ్గర దగ్గుతాడు.
ఒకప్పుడు డజను పది షిల్లింగులు.
ఇప్పుడు ఒక్కోటి ఐదు.
ఈ ఊళ్ళో ఈ ఏడు జీతం పెరిగింది
అతనొక్కడికే.

మొన్న తనిఖీకి కిమైయో వచ్చాడు.
బుట్టలు కెలికాడు, గోనె ఎత్తి చూశాడు,
నన్ను లేపి నా పీట కింద చూశాడు.
ఏమీ లేదని రాసుకుని, వెళ్ళబోతూ ఆగాడు.
ఒమెనా వాసన. ఎవరినైనా ఆపుతుంది.
"రెండు డబ్బాలు కొలువు."
కొలిచాను.
డబ్బా గాల్లోనే ఉంది.
అతను నన్ను చూశాడు, నేనతన్ని చూశాను.
చల్లకొచ్చి ముంత దాచే మనిషి కాదు పాపం,
ముంతే లేని మనిషి.
"ఏదైనా లేదా?" అన్నాడు గొంతు తగ్గించి,
"చిన్నది. పాతదైనా సరే."
చుట్టుపక్కల బేరాలన్నీ ఆగిపోయాయి.
"లేదండి, చట్టం కదా" అన్నాను.
టోపీ తీశాడు, సర్కారు ముద్ర ఉన్న టోపీ.
పట్టాడు. పోశాను.
బోడితల ఎండలో మెరుస్తూ
చేపల్ని గుండెకి పొదువుకుని
వెళ్ళిపోయాడు.

నవ్వాం, దీపాలు పెట్టేదాకా నవ్వాం.
కానీ ఒక మాట ఉంది,
నవ్వులో కొట్టుకుపోకూడనిది.
కసాయి వాండెరా ఇదివరకు ఆవు కడుపు కోస్తే
ముడులు పడ్డ సంచుల ఉండ, పసిబిడ్డ తలంత,
కత్తికి అడ్డం తగిలేది.
లాగి గోడవారకి విసిరి
ఎవరితో మాట్లాడకుండా చేతులు కడుక్కునేవాడు.
ఈ ఏడు రెండే తగిలాయంట.
మొన్నటి వానకి మా వీధి కాలువ
నా గడప తొక్కకుండా
తన దారిన తను పోయింది.

సంత వెనక ముళ్ళచెట్టు మీద
ఏడాది పొడుగునా నల్లగా కూర్చునుండేవి.
గాలికి రెక్కలు కొట్టేవి, ఎగిరేవి కావు.
అకేచ్ వాటిని కాకులనుకునేది.
నిన్న ఆ చెట్టు కింద తల ఎత్తి నిలబడి
"కాకులెటు పోయాయమ్మా?" అంది.

ఏం చెప్పను?
అప్పుడే గేటు దాటి వస్తున్నాడు బరాసా,
దగ్గుకుంటూ.