ఉలవల బాడుగ

యలహంక దాటేసరికి తెల్లారింది.
రాజానుకుంటె దగ్గర ఆఖరి సిగ్నలు
ఖాళీ రోడ్డు మీద నన్నొక్కణ్ణే నిలబెట్టి
తొంభై నుంచి సున్నా దాకా లెక్కపెట్టింది.

వెనక చక్రానికి అటో సంచి, ఇటో సంచి.
గుడారం, బుడ్డి పొయ్యి, అటుకులు, రెండు ట్యూబులు,
పెనుకొండ దాకా వస్తుందని కొన్న చిక్కీ
దొడ్డబళ్ళాపురం రాకముందే సగమైంది.
"రైలుంది కదయ్యా" అన్నాడు మా షిఫ్టు గిరియప్ప.
ఉంది.
రైల్లో కూచున్నవాడికి ఈ నేల బల్లపరుపు.
ఎన్ని మెట్లు మింగి పడుకుందో తొడలకు తెలుసు.

మాకళి దుర్గం వైపు చీలిన సన్నదారిలో
ఉన్నట్టుండి గొలుసు చప్పుడు వినబడింది.
పొద్దుటి నుంచీ అడుగుతూనే ఉందేమో
నూనె వెయ్యమని.

మూడున్నరకి మలుపు తిరిగితే రోడ్డు లేదు.
ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఉలవ కట్టె,
ఎండకి గలగలమంటూ.
బ్రేకు వేశాను.
చీపురు పట్టుకున్న ఒకామె కన్నడంలో గద్దించింది:
దిగొద్దు. తొక్కు. దాని మీదే తొక్కు.

తొక్కాను.
టైరు కింద నాలుగు కాయలు చిట్లాయి.
ఆమె వంగి చూసి పెదవి విరిచింది,
లారీ అయితే ఒక్క తూరికే రాలేది,
నీ బండికి బరువే లేదని.

ఈ రాత్రి చేని గట్టున పడుకోవచ్చా అని
నాకొచ్చిన అరకొర కన్నడంలో అడిగాను.
ఇరవై తిరుగుళ్ళు, అంది.
బాడుగ.
సంచులు దించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
ఉండనీ, అవీ బరువే.

తుమ్మచెట్టు దాకా పోవడం, మైలురాయి దాకా రావడం.
పదకొండో తిరుగుడుకి
అటుకుల వాసన పట్టిన కుక్క వెంటపడింది.
"నీ నోట్లో మన్ను బొయ్య, రా ఇట్లా!"
తెలుగు!
నవ్వాపుకోలేక, హ్యాండిలు వంకరపోయి
ఉలవల్లోనే పడ్డాను.
"లారీలకు కన్నడం, కుక్కకు తెలుగు" అంది నారెమ్మ,
నన్ను లేపకుండా, నా కింద నలిగిన కాయలు చూస్తూ.
"పడితే బాగా రాలతాండాయే."

చీకటి పడ్డాక మీటరు చూశాను. అరవై ఏడు.
అందులో చివరి నాలుగూ ఎక్కడికీ పోలేదు.

సంగటి ముద్ద, పోయినేటి ఉలవల కట్టు.
గుడారంలోకి తల దూర్చి,
జిప్పు రెండుసార్లు తెరిచి మూసి
"కాళ్ళు చాపితే ఇల్లు అయిపోయిందే" అంది.
కొండ కింద గూడ్సు బండి పోతోంది.
పెట్టెలు లెక్కపెడుతూ నలభై దగ్గర
అదే అయిపోయిందో, నేను నిద్రపోయానో.

తెల్లారి గుడారం మంచుకి తడిసి రెట్టింపు బరువు.
దాన్ని మడిచి కడుతుంటే
నారెమ్మ సైకిలు ముందు కడ్డీ మీద చెయ్యేసింది.
"మళ్ళా వస్తే ఈడ ఎవర్నన్నా కూచోబెట్టుకోని రా.
బరువు చాల్లేదు."

సరేనన్నాను.

గౌరీబిదనూరు దాకా
టైరు గాట్లో ఇరుక్కున్న గింజ ఒకటి
చక్రం తిరిగినప్పుడల్లా
టిక్కుమంటూ వచ్చింది.